యాకోబు కాక స్టార్టరు, మా తొలి ఆల్బం

మొన్న మొయినాబాద్‌లో షేర్ ఆటో ఎక్కాను. నాకు సొంత ట్రాలీ ఆటో ఉంది. కానీ ఆ రోజు అది ఒక పెళ్ళికి షామియానాలు మోసుకుపోయింది, దాని యజమానికి మాత్రం షేర్ ఆటోనే గతయింది. ముగ్గురు పట్టే సీట్లో నలుగురం ఇరుక్కుని కూర్చున్నాం. ఊరి చివరి చౌరస్తా దాటామో లేదో, నా పక్కనున్న అమ్మాయి ఆఫీసు బ్యాగులోంచి 'ఠక్' మని చప్పుడు. వెంటనే గుయ్‌మని ఒక మూలుగు, పైపు రెండుసార్లు దగ్గడం, సిమెంటు తొట్టిలోకి నీళ్ళు ధబధబ పడటం, ఆ నీళ్ళ మీద ఒక ఆడపిల్ల నవ్వుకుంటూ పాడటం. నేను సీట్లోనే ఎగిరాను. నా తల ఆటో పైకప్పుకు తగిలింది. ఆ అమ్మాయి తాపీగా ఫోన్ తీసి "వస్తున్న, దారిల ఉన్న" అని చెప్పి లోపల పెట్టేసింది.

"చెల్లే, గా రింగ్‌టోన్ యాడిది?" అన్నాను తల రుద్దుకుంటూ.

"మా దోస్తు పంపింది అన్న. మస్తుంటది గద!"

"మొదట్ల ఠక్కంటది సూడు, అదేందో ఎర్కేనా?"

"ఏదో మిషిన్ అన్న. డీజేలోళ్ళు ఏస్తరు గద గట్లనే."

డీజేలోళ్ళట! ఆ డీజే నేనే తల్లీ అందామనుకున్నాను. కానీ నా బట్టతల, పొట్ట చూసి నమ్మదని ఊరుకున్నాను. చేవెళ్ళలో దిగేదాకా ఒక్కణ్ణే నవ్వుకుంటూ కూర్చుంటే, ఎదురు సీటు పెద్దమనిషి కాళ్ళు కొంచెం దగ్గరికి తీసుకున్నాడు. ఆయనకేం తెలుసు! ఆ ఒక్క 'ఠక్' కు ఒకప్పుడు మా ఊరు ఊరంతా పరుగెత్తింది. పరుగెత్తించినవాణ్ణి నేను.

అప్పుడు మేం ముగ్గురం. ప్రకాష్ గిటారు, రూతు పాట, నేను ప్యాడ్. ప్యాడ్ అంటే రాసుకునేది కాదు, పుల్లలతో కొడితే రకరకాల చప్పుళ్ళు చేసే పెట్టె. రాసుకునే ప్యాడ్‌తో నాకు ఎనిమిదో తరగతిలోనే తెగిపోయింది. ఆ తరగతి రెండుసార్లు చదివాను, మూడోసారికి అదే ఒప్పుకోలేదు. అప్పటి నుంచి టెంట్ హౌసులో మైకు సెట్లు కట్టేవాణ్ణి. ప్రకాష్ చేవెళ్ళలో డిగ్రీ చదివి, అక్కడే సెల్‌ఫోన్ల షాపులో కూర్చునేవాడు. ముగ్గురిలో లాప్‌టాప్ ఉన్నది వాడికే కాబట్టి వాడే మేనేజరు, వాడే రికార్డింగ్ ఇంజనీరు, ఎవరు తప్పు కొట్టినా తిట్టేవాడు కూడా వాడే. మా బ్యాండుకు 'త్రీఫేజ్' అని పేరు పెట్టింది కూడా వాడే. ఇంట్లో బల్బుకు ఒక్క ఫేజు చాలు. పొలంలో మోటారు నడవాలంటే మూడూ ఉండాలి, ఏ ఒక్కటి పోయినా మూలుగుతుందే తప్ప తిరగదు. మేమూ అంతే. వారానికి ఒకరం అలిగేవాళ్ళం, వారానికి ఒకసారి మూలిగేవాళ్ళం.

మా స్టూడియో రూతు వాళ్ళ నాన్న యాకోబు కాక క్యారెట్ కడిగే షెడ్డు. ఆ రోజుల్లో మా వైపు ఎటు చూసినా క్యారెట్టే. పొద్దున్నే గడ్డలు పీకి, ఆకు కోసి, సిమెంటు తొట్టిలో పోసి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, పైన అడ్డంగా కట్టిన వెదురు పట్టుకుని కాళ్ళతో తొక్కేవాళ్ళు. ఎడమ, కుడి, ఎడమ ఎడమ, కుడి. తొక్కినకొద్దీ మట్టి వదిలి గడ్డ ఎర్రగా తేలేది. ఆ కాళ్ళ దరువు ఏ మాస్టారు నేర్పగలడు? నా వాయించుడంతా ఆ తొట్టి దగ్గర కాపీ కొట్టిందే. బళ్ళో కాపీ కొడితే గోడకుర్చీ వేయించారు, ఇక్కడ కాపీ కొడితే ఆర్టిస్టన్నారు. షెడ్డు రేకులు మోగకుండా నాలుగు వైపులా గోనెసంచులు వేలాడదీశాం. అవి ఎప్పుడూ తడిగానే ఉండేవి. తడి గోనె, ఎర్రమట్టి, అప్పుడే కోసిన క్యారెట్ ఆకు, ఈ మూడూ కలిసిన వాసన ఇవాళ మార్కెట్లో ఎక్కడ ముక్కుకు తగిలినా నా వేళ్ళు వాటంతట అవే తొడ మీద దరువు మొదలుపెడతాయి. కూరగాయలమ్మే ఆవిడలు నన్ను అనుమానంగా చూస్తారు.

యాకోబు కాక పొద్దున లేవగానే ముందు ప్రార్థన చేసేవాడు, తర్వాత మీసానికి నూనె రాసేవాడు, ఆ తర్వాతే మనుషులతో మాట్లాడేవాడు. గుమ్మం బయట చెప్పులు ఎప్పుడూ పొలం వైపే తిప్పి విడిచేవాడు. కరెంటు వచ్చినప్పుడు తిప్పుకోవడం టైం దండగని ఆయన లెక్క. మధ్యాహ్నం మాకు అక్కడే తిండి. అవ్వ, అంటే కాక వాళ్ళమ్మ, పొయ్యి మీంచి జొన్నరొట్టెలు తీసి పళ్ళాల్లో వేసేది. పక్కన ఎండుమిర్చి వేసి నూరిన క్యారెట్ తొక్కు. కాక ప్రార్థన మొదలుపెడితే అది ఐగుప్తులో బయలుదేరి, ఎర్రసముద్రం దాటి, శంకర్‌పల్లి మీదుగా మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వచ్చి ఆగేది. అంతసేపూ రొట్టెలు చల్లారుతుండేవి. నేను ఒక కన్ను తెరిచి నా రొట్టె నా పళ్ళెంలోనే ఉందా అని చూసుకునేవాణ్ణి. ఎదురుగా అవ్వ కూడా ఒక కన్ను తెరిచి నన్ను చూస్తుండేది.

"ప్రార్థనల కండ్లు తెరుస్తవురా మల్లిగా? దేవుడు జూస్తుండు" అనేది ఆమెన్ కాగానే.

"నువ్వు తెరవకుంట నన్నెట్ల జూసినవ్ అవ్వా?"

"నేను దేవునికి సాక్ష్యం చెప్పాలె గద."

ఆ ప్రార్థన చివర తప్పకుండా ఒక మాట ఉండేది. "ప్రభువా, నాలుగు గంటలు ఆగకుంట ఇయ్యి" అని. కాక అడుగుతున్నది కరెంటు. పక్కనే ప్రకాష్ పెదవులు కదిపేవాడు, "ప్రభువా, రెండో చరణం రికార్డయినంక ఇయ్యి" అని. ఆ ఇంట్లో దేవుడికి ఒకే పూట రెండు దరఖాస్తులు, ఒకదానికొకటి పడవు.

ఎందుకంటే అప్పుడు పొలాలకు కరెంటు రోజంతా ఉండేది కాదు. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో లైన్‌మన్‌కు కూడా తెలియదు. మోటారు స్టార్టరుకు 'ఆటో' అనే చిన్న పెట్టె బిగించుకుంటే కరెంటు రాగానే మోటారు దానంతటదే నడుస్తుంది. కానీ అందరూ ఆటో పెట్టుకుంటే మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంటుంది. రెండుసార్లు అట్లా కాలాక ఊరు కూర్చుని ఒక మాట అనుకుంది. ఆటో ఒక్కరికే ఉండాలి, మిగతావాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు చేత్తో వేసుకోవాలి. ఆ ఒక్కటి యాకోబు కాకది. ఆయన షెడ్డు ఊరికీ పొలాలకూ నడుమ ఉండటమే కారణం. రేకు గోడకు బిగించిన ఆ స్టార్టరు 'ఠక్' మంటే షెడ్డంతా డప్పులా మోగేది. ఆ వెంటనే పైపు గాలి కక్కి దగ్గేది, తర్వాత నీళ్ళు. ఆ చప్పుడు వింటే ఊళ్ళో మగాళ్ళు నోటి దగ్గర ముద్ద వదిలి, గడ్డం సగం గీసుకున్నవాళ్ళు సగంతోనే, పొలాలకు ఉరికేవాళ్ళు. మా ఊరికి గంట అయినా, సైరన్ అయినా అదే. అది మోగనప్పుడే మా రికార్డింగ్, లాప్‌టాప్ బ్యాటరీ మీద. ఊరంతా దిగాలుగా కూర్చున్న గంటలన్నీ మాకు పండగ గంటలు. ఈ పాపం ఎన్ని పాటలు పాడినా పోదు.

ఒక రోజు మూడో పాట రికార్డవుతుంటే కాక భుజాన పారతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పాట అయ్యేదాకా కదల్లేదు.

"అయితే దీన్ని జనం ముంగట పాడుతరా?" అన్నాడు.

"అవ్ కాక. ఆల్బం రిలీజు జేస్తం" అన్నాను గొప్పగా.

వెనకే వచ్చిన అవ్వ మొహం వెలిగిపోయింది. "ఆల్బమా? పెండ్లి ఎవలిదిరా?"

మా ఊళ్ళో ఆల్బం అంటే పెళ్ళి ఫోటోలదే, ఇంకో ఆల్బం లేదు. "పాటల ఆల్బం అవ్వా" అన్నాను.

"పాటకు గూడ పెండ్లి జేస్తున్రా! పిల్లగాడెవడు?"

"నేనే."

"అట్లయితే నెల తిరగకుంటనే పుట్టింటికి వాపస్ వస్తది."

అందరం నవ్వాం, కాక తప్ప. ఆయన పార కింద పెట్టి రూతు వైపు చూశాడు. రూతుకు ఇంటర్ అయిపోయింది. పట్నంలో నర్సింగ్ సీటు వచ్చింది. హాస్టల్లో చేరాల్సిన రోజు మేం రిలీజు అనుకున్న ఆదివారం మర్నాడే.

"సూడు బిడ్డ. జనం కూసోని కడదాక వింటే నేనేమన. హాస్టల్ ముచ్చటనే ఎత్తను, నీ ఇష్టమున్నట్టు పాడుకో. నడుమల ఒక్కడు లేసినా పాట బంద్. సోమారం పొద్దుగాల నిన్ను హాస్టల్ల దిగవెట్టొస్త, ఇగ జనం ముంగట నిలబడే ముచ్చట ఇంట్ల వినవడొద్దు."

"ఒక్కడు గూడనా బాపూ?"

"ఒక్కడు గూడ."

పరీక్షల్లో నాకున్న అనుభవం ఎవరికీ లేదు. ఇది పాసయ్యే పరీక్ష కాదని వెంటనే తెలిసింది. మా ఊళ్ళో చివరిదాకా కూర్చోవడమన్నది ఎవరు చూశారు? పెళ్ళిలో తాళి కట్టకముందే బువ్వ దగ్గరికి లేస్తారు. బీడీకి లేస్తారు, బర్రె అరిస్తే లేస్తారు, పక్కవాడు లేచాడు కదా అని లేస్తారు. కాక కావాలనే దారి మూసేశాడని నాకు కోపం వచ్చింది. ఆ సాయంత్రం అవ్వ అరుగు మీద తమలపాకుకు సున్నం రాస్తుంటే, "నీ కొడుకుకు పాట మీద గంత పగేందే అవ్వా?" అని అడిగాను.

అవ్వ ఆకు మడిచి నోట్లో పెట్టుకుని, కొంచెం నమిలి, అప్పుడు చెప్పింది. "వాడు గూడ పాడెటోడురా. మంచి గొంతు. ఒక్కసారి చర్చోళ్ళ పెద్ద కూటంల పాడ నిలబడ్డడు. రెండో చరణం ఎత్తుకున్నడో లేదో, బువ్వ వడ్డిస్తున్రని ఎన్కకెల్లి ఎవడో అన్నడు. అందరు లేసిన్రు. వాడొక్కడే నిలబడి ఉన్నడు, నోరు అట్లనే తెరిసి. ఆనాటిసంది వాని నోట్లకెల్లి ప్రార్థనే గానీ పాట రాలె. పాట మీద పగ గాదురా పిచ్చోడా. బిడ్డకు గట్ల గావద్దని."

ఆ తర్వాత నాకు కోపం నిలవలేదు. దాని బదులు భయం వచ్చింది.

ఏడో పాట, మా ఆల్బంలో చివరిది, తొట్టిలో తొక్కేవాళ్ళ దరువు మీద రూతు కట్టుకున్నది. 'తొక్కు తొక్కు గడ్డ తొక్కు, మట్టి పోతే రంగు దక్కు' అని మొదలవుతుంది. అప్పటికి రెండు రోజులుగా కరెంటు లేదు, మడులు నెర్రెలిచ్చాయి. రూతు కళ్ళు మూసుకుని పాడుతోంది. అన్ని రోజుల్లో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. ఇంకా రెండు చరణాలు ఉన్నాయనగా గోడ మీద 'ఠక్'! ప్రకాష్ తల పట్టుకున్నాడు. రూతు మాత్రం ఆపలేదు. పైపు దగ్గింది, నీళ్ళు దూకాయి. ఆ పిల్లకు సంతోషం పట్టలేక నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే, ఆ నీళ్ళ మీదే పాట పూర్తి చేసింది. బయట ఊరు పొలాలకు ఉరుకుతున్న కాళ్ళ చప్పుడు కూడా సన్నగా పడింది అందులో.

"పాడైంది. మల్ల చేద్దాం" అన్నాడు ప్రకాష్.

మళ్ళీ చేశాం. మర్నాడూ చేశాం. తొమ్మిదిసార్లు చేశాం. పాట వచ్చేది, నవ్వు వచ్చేది కాదు. నవ్వమంటే రూతు ఫోటో స్టూడియోలో నవ్వినట్టు నవ్వేది. చివరికి నేనే అన్నాను, "ఉంచుర్రా దాన్ని. ఆ ఠక్కే దాని పాణం. స్టేజీ మీద గూడ నేనే కొడత." ప్రకాష్ ఆ చప్పుళ్ళను కోసి నా ప్యాడ్‌లోకి ఎక్కించాడు. ఎడమ మూల కొడితే స్టార్టరు, కుడి మూల కొడితే పైపూ నీళ్ళూ. ఎంత బాగా కుదిరిందంటే, షెడ్డులో కొట్టి చూసినప్పుడు బయట కట్టేసిన బర్రె తొట్టి వైపు తల తిప్పింది. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.

రిలీజుకు షెడ్డు పక్కన పంట తీసేసిన మడిలోనే షామియానా వేశాం. చిల్కూరు గుడికి పోయే ఆటోల వెనక పోస్టర్లు అంటించాం, ట్రాలీకి మైకు కట్టుకుని నేనే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి అరిచాను. కానీ నా అసలు పని వేరే. మనిషి లేవడానికి ఎన్ని కారణాలుంటాయో అన్నీ ఒక్కొక్కటే మూయించడం. బువ్వ పాటలయ్యాకే, పొయ్యి కూడా వెనక వీధిలోనే అన్నాను, వాసన రాకుండా. కల్లు దుకాణం అన్నను ముఖ్య అతిథి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అమ్మేవాడే ఇక్కడుంటే తాగేవాడు ఎక్కడికి పోతాడు? బర్రెలకు ముందే మేత వేయించాను. బీడీలు వాళ్ళ వాళ్ళ సీట్లలోనే కాల్చుకోండి, ఇవాళ దోషం లేదని మైకులో ప్రకటించాను. ఇన్ని తలుపులు మూశాను. ఒక్కటి మరిచాను. మూడు రోజుల కింద ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ కాలింది. బాగుచేసేవాళ్ళు ఆ ఆదివారమే వచ్చి పని మీద ఉన్నారు. మాకు జనరేటర్ ఉంది కదా అని నేను దాని గురించి ఆలోచించనే లేదు. అక్కడ కూర్చున్న ప్రతి మగాడి ఒక చెవి మా పాట మీద, ఒక చెవి కాక స్టార్టరు మీద ఉందని నాకు తట్టలేదు.

చర్చి ఆరాధన అయ్యాక జనం వచ్చారు. మా ముఖ్య అతిథి అవ్వ. సీడీ మీద ప్లాస్టిక్ కాగితం ఎట్లా ఊడదీయాలో తెలియక పళ్ళతో కొరికి చించింది. అదే మా ఆవిష్కరణ. లోపల చూసి మైకు ముందే, "గిదేందిరా, ఒక్క ఫోటో గూడ లేదు!" అంది. షామియానా అంతా నవ్వింది. మొదటి పాట అయింది. ఎవరూ లేవలేదు. రెండోది, మూడోది. పిల్లలు ఎగురుతున్నారు, ముసలివాళ్ళు తొడలు కొడుతున్నారు. నా చేతులు నా మాట వినడం లేదు, వాటికే తెలిసిన దరువులు అవే కొడుతున్నాయి. అట్లాంటి సంబరం నా జన్మలో ఎరగను. చివరి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో యాకోబు కాక నిటారుగా కూర్చుని, పాటను కాదు, జనాన్ని చూస్తున్నాడు. ఆరో పాట అయ్యేసరికి ఆయన మీసం కింద ఏదో మెత్తబడ్డట్టు కనిపించింది. ఇంకొక్కటే పాట. రూతు నా వైపు తిరిగి కళ్ళతోనే నవ్వింది.

ఏడో పాట ఎత్తుకుంది. రెండు చరణాలు మిగిలాయి. నేను పుల్ల ఎత్తి, మనసారా, ఎడమ మూల కొట్టాను.

'ఠక్!'

నాలుగు పెద్ద స్పీకర్లలోంచి వచ్చిన ఠక్ అది. పుల్లలు ముందే నేర్చుకున్న దారిన పోయి కుడి మూల కూడా కొట్టేశాయి. పైపు దగ్గింది. మొదట లేచింది యాకోబు కాక. కుర్చీ వెనక్కి పడింది, ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పొలం వైపు దూకాడు. "కరెంటచ్చిందిరో!" అని ఎవరో అరిచారు. అంతే. కుర్చీలు ఎక్కడివక్కడ బోర్లా పడ్డాయి. పంచెలు ఎగ్గట్టిన మగాళ్ళంతా గట్ల మీద పడి నాలుగు దిక్కులా ఉరికారు. కల్లు అన్న కూడా ఉరికాడు. ఆయనకు పొలం లేదు, అయినా ఉరికాడు. షామియానాలో ఆడవాళ్ళు, పిల్లలు, దుమ్ము మిగిలారు.

నా చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ప్రకాష్ గిటారు ఆగింది. రూతు ఆగలేదు. ఖాళీ కుర్చీల మీద చూపు నిలిపి, వాద్యం లేకుండా, ఒంటి గొంతుతో మిగిలిన రెండు చరణాలు పాడింది. అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూటంలో నోరు తెరిచి నిలబడ్డ కుర్రవాణ్ణి నేను చూడలేదు, కానీ ఆ క్షణం నాకు కనిపించాడు. వాడి బిడ్డను తెచ్చి అదే చోట నిలబెట్టింది నేను.

కాసేపటికి ఒక్కొక్కరే తిరిగొచ్చారు, చేతుల్లో మోటారు పెట్టెల్లోంచి పీకిన ఫ్యూజు ముక్కలు, నోళ్ళలో బూతులు.

"యాడున్నదిరా కరెంటు? బల్బు గూడ వెలుగుత లేదు!"

"ఎవడ్రా స్టార్టర్ కొట్టింది?"

దాక్కోవడానికి చోటు లేక రెండు పుల్లలూ పైకెత్తాను. "నేనే. ఇది... పాటల భాగం."

"పాటల భాగమా! నా మోకాలు జూడు, గట్టు మీద వడ్డ, ఇది గూడ పాటల భాగమేనా?"

చివరగా యాకోబు కాక వచ్చాడు. కాళ్ళకు దుమ్ము, మీసానికి ఒక గడ్డిపరక. అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు, ఆయన పెట్టిన షరతు సంగతి ఊరందరికీ తెలుసు మరి. ఆయన రూతు వైపు చూడలేక నేల చూస్తున్నాడు. అవ్వ కుర్చీలోంచే అంది, "నడుమల ఒక్కడు లేసినా పాట బంద్ అన్నవు గద కొడుకా. మరి మొదలు లేసినోడెవడు?"

"అమ్మా, నేను పాటకెల్లి లేవలే. కరెంటనుకొని..."

"ఆనాడు వాళ్ళు గూడ నీ పాట బాగలేదని లేవలే నాయినా. ఆకలై లేసిన్రు."

కాక మీసం నుంచి గడ్డిపరక తీసి పారేశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి ప్యాడ్ వైపు చూశాడు. "దీంట్ల ఉన్నదా నా స్టార్టర్? మల్ల కొట్టు." కొట్టాను. 'ఠక్.' తెలిసీ తెలిసీ, అక్కడున్న మగాళ్ళందరి మడమలూ ఒక్కసారి లేచాయి. కాక మడమ కూడా. అది చూసి మొదట ఆడవాళ్ళు నవ్వారు, తర్వాత మోకాలు చెక్కుకున్నాయన నవ్వాడు, ఆ తర్వాత ఎవరినీ ఆపలేకపోయాం. కాక వెనక్కి పోయి, పడిపోయిన తన కుర్చీ ఎత్తి, ఈడ్చుకుంటూ తెచ్చి అందరికన్నా ముందు వేసుకున్నాడు.

"రూతూ, మొదటికెల్లి పాడు బిడ్డ. ఈసారి నేను లేవ."

ఇప్పుడు మా వైపు రోజంతా కరెంటే. పొలాలే లేవు. క్యారెట్ మడుల్లో ఫామ్‌హౌసుల గోడలు మొలిచాయి, కాక కూడా ఒక్క ఎకరమే మిగుల్చుకున్నాడు. ప్రకాష్‌కు పట్నంలో ఏసీ గది ఉంది, గోడలకు మెత్తలు. నీళ్ళ చప్పుడు కావాలంటే నెట్‌లో నలభై రకాలు దించుతాడు, ఒక్క పైపూ దగ్గదు. రూతు ఏడాది ఆగి తనంతట తానే నర్సింగ్‌లో చేరింది. ఇప్పుడు పాడుతూ సూది వేస్తే పిల్లలు ఏడవరని ఆస్పత్రిలో పేరు. మేం ఇంకా కలుస్తాం, ఇంకా అలుగుతాం. పెద్ద పెద్ద హాళ్ళలో వాయించాం. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, నిజం చెప్తున్నాను. కానీ జనం లేస్తుంటే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది. నాకు కూర్చున్నవాళ్ళే కావాలి. కాక కూర్చున్నట్టు కూర్చునేవాళ్ళు మళ్ళీ దొరకలేదు.

ఆ ఆదివారం, కాక ముందు వరసలో కూర్చున్నాక, రూతు ఏడో పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి ఎడమ మూల ముట్టనని ఒట్టేసుకుని, అటువైపు చెయ్యే పోనివ్వకుండా కొడుతున్నాను. రెండు చరణాలు మిగిలాయి. అప్పుడు షెడ్డులో, రేకు గోడ మీద, 'ఠక్' మంది.

జనం నా వైపు చూసి గొల్లుమన్నారు. "మల్లిగాడు మల్ల కొట్టిండు!" ఒక్కడూ లేవలేదు. పైపు దగ్గింది, నీళ్ళు దూకాయి, ఇంకా నవ్వుతున్నారు. నేను రెండు పుల్లలూ తల మీదికి ఎత్తి పట్టుకున్నాను, నేను కాదు బాబోయ్ అన్నట్టు. ఎవరూ పట్టించుకోలేదు, కాక ఒక్కడు తప్ప. ఆయన నా చేతులు చూశాడు. తల కొంచెం షెడ్డు వైపు వంచి విన్నాడు. తన స్టార్టరును తాను ఎరగడా, ఈసారి నిజం కరెంటే! తొట్టి నిండిన నీళ్ళు కాలువ పట్టి ఒకే మడిలోకి పోతున్నాయి. పోయి పారతో దారి మార్చకపోతే మడి మునిగి గడ్డంతా కుళ్ళుతుంది. ఆయన రెండు చేతులూ కుర్చీ చేతుల మీద బిగుసుకున్నాయి. కాలివేళ్ళు మట్టిని గీస్తున్నాయి. రూతుకు కూడా తెలిసిపోయింది. తండ్రిని చూస్తూ, నవ్వు ఆపుకోలేక, ఆ నవ్వుతోనే పాడింది. తొమ్మిదిసార్లకు రాని నవ్వు అది. ఒక చరణం. ఇంకో చరణం. కాక కదల్లేదు.

ఆఖరి మాట పాడి రూతు మైకు దించింది.

"అయిపోయిందా బిడ్డా?" అన్నాడు కాక.

"అయిపోయింది బాపూ."

"మొత్తం?"

"మొత్తం."

"అయితే జరుగుండ్రి తొవ్వల నుంచి, మడి మునిగె!" అని ఆయన ఒక్క ఉరుకు ఉరికాడు. వెనకే ఊరంతా.